స్ట్రైకర్‌ను డిఫెన్స్‌లోకి మారిస్తే డిమోషనేనా? జాంగ్ సెల్‌గి కెరీర్ ఏం చెబుతోంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ చెల్లెలు మొన్నటిదాకా కాలేజీ జట్టులో స్ట్రైకర్. ఈ సీజన్‌లో కోచ్ ఆమెను లెఫ్ట్ బ్యాక్‌లో, అంటే డిఫెన్స్‌లో ఎడమ చివర, ఆడిస్తున్నారు. అప్పటినుంచి ఇంట్లో మొహం ముడుచుకుని తిరుగుతోంది. ఎవరో ఆమెకు దక్షిణ కొరియా డిఫెండర్ జాంగ్ సెల్‌గి పేరు చెప్పి, "ఆవిడా ఇలాగే మారింది, చూసుకో" అన్నారట. అది నిజమేనా, మారాక ఆవిడ కెరీర్ పెరిగిందా తరిగిందా అని మీ సందేహం.

నిజమే. నా లెక్కలో పెరిగింది కూడా. స్ట్రైకర్‌గానే ఉండి ఉంటే ఆమె జాతీయ జట్టులో వంద మ్యాచ్‌లు దాటేది కాదని నా నమ్మకం. అయితే "చూశావా, ఆవిడ మారింది, నువ్వూ మారు" అని మీ చెల్లెలికి చెప్పేస్తే సరిపోదు. జాంగ్ సెల్‌గి ఏం వదులుకుంది, ఏం వెంట తీసుకెళ్ళింది అనేది తెలిస్తేనే ఈ ఉదాహరణ పనికొస్తుంది. నేను అమ్మాయిల జట్లకు కోచింగ్ ఇచ్చే పనిలో ఉన్నాను, ఆసియా మహిళల ఫుట్‌బాల్‌ను చాలాకాలంగా చూస్తున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

ముందుగా ఒక చిన్న విషయం. కొరియాలోనూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. జాంగ్ ఇంటిపేరు, సెల్‌గి అసలు పేరు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు రెండూ కలిపి కొట్టండి. లేకపోతే సినిమా వాళ్ళూ పాటల వాళ్ళూ చాలామంది వస్తారు.

ఆమె 1994 మే 31న పుట్టింది. ప్రపంచం ఆమెను మొదట చూసింది 2010 సెప్టెంబర్‌లో, పదహారేళ్ళ వయసులో. ట్రినిడాడ్ అండ్ టొబాగోలో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్ అది. ఫైనల్ సెప్టెంబర్ 25న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, కొరియాకూ జపాన్‌కూ మధ్య. ఆ మ్యాచ్ దొరికితే తప్పకుండా చూడండి. కొరియా మొదట గోల్ కొట్టింది, జపాన్ రెండు కొట్టి ముందుకెళ్ళింది, విరామానికి ముందు కొరియా సమం చేసింది, జపాన్ మళ్ళీ ముందుకెళ్ళింది, 79వ నిమిషంలో ఈ సో-డామ్ అనే అమ్మాయి 3-3 చేసింది. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో మొదటి ఐదు కిక్‌ల తర్వాత కూడా సమానమే. జపాన్ ఆరో అమ్మాయి కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. ఆ తర్వాత నడుచుకుంటూ వచ్చి గోల్ కొట్టి కప్పు గెలిపించింది జాంగ్ సెల్‌గి.

కొరియాకు అది మగవాళ్ళ ఫుట్‌బాల్‌లో గానీ ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో గానీ మొట్టమొదటి ఫిఫా ట్రోఫీ. అంతకు కొన్ని వారాల ముందే జర్మనీలో అండర్-20 అమ్మాయిలు మూడో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో జీ సో-యున్ ఎనిమిది గోల్స్ కొట్టింది. అండర్-17 జట్టులో యో మిన్-జీ కూడా ఎనిమిది కొట్టి గోల్డెన్ బూట్, గోల్డెన్ బాల్ రెండూ ఇంటికి పట్టుకెళ్ళింది. అంటే ఒకే వేసవిలో కొరియాకు ఇద్దరు స్టార్ అటాకర్లు దొరికారు. జాంగ్ సెల్‌గి కూడా అప్పుడు అటాకరే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆమె ఏదో మామూలు అటాకర్ కాదు. 2013లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ఆసియా అండర్-19 టోర్నీలో కొరియా ఛాంపియన్. ఎనిమిది గోల్స్‌తో టాప్ స్కోరర్ ఆమే, ఉత్తమ క్రీడాకారిణీ ఆమే. పంతొమ్మిదేళ్ళకు అలాంటి రికార్డు ఉన్న అమ్మాయిని తర్వాతి రోజుల్లో డిఫెన్స్‌లో చూస్తే ఎవరికైనా "అయ్యో" అనే అనిపిస్తుంది. మీ చెల్లెలికి అనిపిస్తున్నదీ అదే.

మరి ఎందుకు మారింది? బయటినుంచి చూసి నేను చెప్పగలిగినంత చెబుతాను. సీనియర్ జట్టుకు వచ్చేసరికి ముందు వరుసలో ఖాళీ లేదు. జీ సో-యున్ ఉంది, జాన్ గా-ఉల్ ఉంది, జంగ్ సోల్-బిన్ ఉంది, తన వయసువాళ్ళే అయిన యో మిన్-జీ, ఈ గుమ్-మిన్ ఉన్నారు. జాంగ్ సెల్‌గి పొడగరి కాదు, గోల్ ముందుండే పెనాల్టీ పెట్టెలో నిలబడి హెడర్లు కొట్టే రకం కాదు. ఆమె బలం అంతా పరుగులో, బంతిని అదుపులోకి తీసుకునే మొదటి టచ్‌లో, ఎప్పుడు ఖాళీలోకి దూరాలో తెలిసిన టైమింగ్‌లో ఉంది. 2015లో కెనడాలో జరిగిన ప్రపంచకప్‌కు ఎంపికైన 23 మందిలో ఆమె పేరు లేదు. కొరియా అప్పుడు స్పెయిన్‌ను 2-1తో ఓడించి మొదటిసారి నాకౌట్ దాకా వెళ్ళింది. ఆ సంబరంలో తను లేకపోవడం ఆ వయసులో ఎంత కష్టంగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ 2015 ఆమె జపాన్‌లో గడిపింది. ఐనాక్ కోబే జట్టు. అంతకుముందు జీ సో-యున్ చెల్సీకి వెళ్ళకముందు ఆడిన జట్టు, జపాన్ దిగ్గజం సవా హొమారె చివరి సీజన్ ఆడిన జట్టు. 2016లో స్వదేశానికి తిరిగొచ్చి ఇంచియాన్ హ్యుందాయ్ స్టీల్ రెడ్ ఏంజెల్స్‌లో చేరింది. అసలు మలుపు ఇక్కడే.

ఇంచియాన్ గురించి రెండు మాటలు చెప్పాలి. కొరియా మహిళల లీగ్ పేరు డబ్ల్యూకే లీగ్, 2009లో మొదలైంది. జట్లను నడిపేది ఎక్కువగా కంపెనీలు, నగరపాలక సంస్థలు. కొత్త ఆటగాళ్ళు డ్రాఫ్ట్ ద్వారా, అంటే జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో, వస్తారు. జీతానికి ఏళ్ల తరబడి పైహద్దు ఉండేది, ఏడాదికి 5 కోట్ల వోన్. మన లెక్కలో ముప్పై లక్షల రూపాయల చుట్టుపక్కల. మ్యాచ్‌లు చాలాకాలం పనిదినాల్లో, సోమవారం సాయంత్రాలు, అంతగా జనం లేని స్టేడియాల్లో జరిగేవి. గ్లామర్ ఏమీ లేదన్నమాట. అలాంటి లీగ్‌లో ఇంచియాన్ 2013 నుంచి 2023 దాకా వరసగా పదకొండు సార్లు ఛాంపియన్. ఒక్క జట్టు అంతగా ఏలిన లీగ్ మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ, నాకైతే అది లీగ్‌కు మంచి చేయలేదనిపిస్తుంది. కానీ డిఫెండర్‌గా మారుతున్న ఒక అటాకర్‌కు అంతకంటే మంచి బడి లేదు. ఎందుకో చెబుతాను.

బలమైన జట్టుతో ఆడేటప్పుడు ఎదుటివాళ్ళు పదిమందీ వెనక్కి వెళ్ళి తమ పెట్టె ముందు గోడ కడతారు. మధ్యలో దారి ఉండదు. వింగర్ (మైదానం అంచున ఆడే అటాకర్) బంతి తీసుకుని లోపలికి జరుగుతుంది, ఆమె వెంట ఎదుటి డిఫెండరూ జరుగుతుంది, దాంతో గీత పక్కన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి వెనకనుంచి పరుగెత్తుకొచ్చేది ఫుల్‌బ్యాక్, అంటే లెఫ్ట్ బ్యాక్ లేదా రైట్ బ్యాక్. అంటే అలాంటి మ్యాచ్‌ల్లో ఎదురుగా ఖాళీ, పరుగుకు చోటు, తలెత్తి చూసే సమయం దొరికేది స్ట్రైకర్‌కు కాదు, ఫుల్‌బ్యాక్‌కే. స్ట్రైకర్ వీపు గోల్‌వైపు పెట్టి ఇద్దరు డిఫెండర్ల మధ్య నలుగుతూ ఉంటుంది. ఫుల్‌బ్యాక్ మైదానం మొత్తాన్ని ఎదురుగా చూస్తూ ఆడుతుంది. టైమింగ్ ఉన్న అమ్మాయికి ఇది శిక్షెలా అవుతుంది?

అయితే కొత్తగా నేర్చుకోవాల్సినవి చాలా ఉంటాయి. మా దగ్గర ఇలా మారిన అమ్మాయిలందరిలో నేను చూసే ఇబ్బందులు దాదాపు ఒకటే. మొదటిది తొందర. స్ట్రైకర్‌కు బంతి కనబడితే కాలు పెట్టడం అలవాటు. డిఫెండర్‌గా అలా కాలు పెడితే ఎదుటి వింగర్ పక్కనుంచి వెళ్ళిపోతుంది, వెనకాల ఇంకెవరూ ఉండరు. ఇక్కడ పని బంతి లాక్కోవడం కాదు, ఆలస్యం చేయించడం. రెండు మూడు సెకన్లు ఆపితే చాలు, మిగతావాళ్ళు చేరుకుంటారు. రెండోది, బంతి అవతలి వైపు ఉన్నప్పుడు ఏం చేయాలో తెలియకపోవడం. కుడివైపునుంచి క్రాస్ వస్తుంటే లెఫ్ట్ బ్యాక్ బంతినే చూస్తూ ఉండిపోతుంది, వెనక పోస్ట్ దగ్గర తను కాపలా కాయాల్సిన అమ్మాయి హాయిగా బంతికి తల ఆనిస్తుంది. మూడోది ఆఫ్‌సైడ్ గీత, అంటే ఎదుటి స్ట్రైకర్‌ను ఆఫ్‌సైడ్‌లో పట్టడానికి డిఫెండర్లు నలుగురూ ఒకే వరుసలో నిలబడటం. నలుగురిలో ఒక్కరు అడుగు వెనక ఉంటే మిగతా ముగ్గురి కష్టం వృథా. ఈ మూడూ వచ్చేదాకా కోచ్ కేకలు వేస్తూనే ఉంటారు. మీ చెల్లెలి బాధలో సగం మార్పు వల్ల కాదు, ఈ కేకల వల్ల అయ్యుండొచ్చు, అడిగి చూడండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మ్యాచ్ గురించి. 2017 ఏప్రిల్ 7, ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్, కిమ్ ఇల్-సంగ్ స్టేడియం.

సందర్భం చెప్పకపోతే దాని బరువు అర్థం కాదు. 2018 ఆసియా కప్‌కు క్వాలిఫయర్లు. ఆ ఆసియా కప్పే 2019 ప్రపంచకప్‌కు దారి. డ్రాలో ఉత్తర, దక్షిణ కొరియాలు ఒకే గ్రూపులో పడ్డాయి, గ్రూపు మ్యాచ్‌లన్నీ ప్యాంగ్యాంగ్‌లోనే. గ్రూపులో మొదటి స్థానం వచ్చిన జట్టు మాత్రమే ముందుకెళుతుంది. రెండోవాళ్ళకు ఆసియా కప్పూ లేదు, ప్రపంచకప్పూ లేదు. ఉత్తర కొరియా మహిళల జట్టు అప్పట్లో దక్షిణాన్ని దాదాపు ఎప్పుడూ ఓడించే జట్టు. దక్షిణ కొరియా అమ్మాయిలు బయల్దేరే ముందు మోక్పోలో పెద్ద స్పీకర్లు పెట్టుకుని, వాటిలో ప్రేక్షకుల అరుపులు మోగిస్తూ ప్రాక్టీస్ చేశారు. ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినబడని చోట ఎలా ఆడాలో అలవాటు చేసుకోవడానికి.

మనకు సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. అదే గ్రూపులో మన భారత జట్టు కూడా ఉంది. ఉత్తర కొరియా చేతిలో 0-8, రెండు రోజుల తర్వాత దక్షిణ కొరియా చేతిలో 0-10. చదవడానికి బాధగానే ఉంటుంది. కానీ గ్రూపు తేలింది ఇలాంటి తేడాలతోనే. చివరికి రెండు కొరియాలకూ సమానమైన పాయింట్లే వచ్చాయి, గోల్స్ తేడాలో దక్షిణం మూడు గోల్స్ ముందుంది. (మన అమ్మాయిలు అక్కడే ఆగిపోలేదు లెండి. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ళ గడ్డమీదే 2-1తో ఓడించి, క్వాలిఫయర్లు గెలిచి 2026 ఆసియా కప్‌లో చోటు సంపాదించారు.)

ఇక ఆ మ్యాచ్. నలభై వేలకు పైగా జనం, అందరూ ఒకవైపే. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే ఉత్తర కొరియాకు పెనాల్టీ. దక్షిణ కొరియా గోల్‌కీపర్ కిమ్ జంగ్-మీ దాన్ని ఆపేసింది. అయినా మొదటి సగం చివర్లో ఉత్తర కొరియా గోల్ కొట్టింది. ఆ స్కోరు అలాగే ఉంటే కథ ముగిసినట్టే. 76వ నిమిషంలో సమం చేసిన గోల్ జాంగ్ సెల్‌గిది. 1-1. తర్వాత హాంగ్‌కాంగ్‌ను, ఉజ్బెకిస్తాన్‌ను గెలిచి దక్షిణ కొరియా ముందుకెళ్ళింది.

ఒక్కసారి ఆలోచించండి. ఆ గోల్ లేకపోతే కొరియా 2019 ప్రపంచకప్‌లో లేదు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. అండర్-19లో కొట్టిన ఎనిమిది గోల్స్ ఒకవైపు, ఈ ఒక్కటి ఒకవైపు పెడితే ఏది బరువో మీరే చెప్పండి.

2018 ఏప్రిల్‌లో జోర్డాన్‌లో ఆసియా కప్. ఇప్పుడామె ఫుల్‌బ్యాక్‌గా స్థిరపడింది. డిఫెండర్లకు ఇంతకంటే చేదు టోర్నీ ఉండదు. ఆస్ట్రేలియాతో 0-0. జపాన్‌తో 0-0. వియత్నాంపై 4-0. కొరియా ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. అయినా సెమీస్‌కు వెళ్ళలేదు! ఎందుకంటే ఆస్ట్రేలియా, జపాన్, కొరియా మూడింటికీ ఐదేసి పాయింట్లు. అలాంటప్పుడు ఆ ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌లనే లెక్కలోకి తీసుకుంటారు. అవన్నీ డ్రాలే. అప్పుడు ఆ మ్యాచ్‌ల్లో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో చూస్తారు. ఆస్ట్రేలియా, జపాన్ తమలో తాము 1-1 ఆడారు కాబట్టి ఒక్కో గోల్ ఉంది. కొరియాకు సున్నా. బయటికి.

మిగిలిన దారి ఐదో స్థానం కోసం ఫిలిప్పీన్స్‌తో మ్యాచ్. గెలిస్తే ప్రపంచకప్, ఓడితే ఇంటికి. కొరియా 5-0తో గెలిచింది, మొదటి గోల్ జాంగ్ సెల్‌గిది. అలాంటి టెన్షన్ మ్యాచ్‌లో మొదటి గోల్ పడేదాకా ఎవరి కాళ్ళూ మాట వినవు, ఆడినవాళ్ళకు తెలుసు. ఆ ఏడాదే ఇండోనేషియాలో ఆసియా క్రీడల్లో కాంస్యం. ఏడాది చివర కొరియా ఫుట్‌బాల్ సంఘం ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఆమెను ప్రకటించింది. 2020లో మళ్ళీ ఆమెకే ఆ అవార్డు. జీ సో-యున్ లాంటి, గోల్ అవకాశాలు సృష్టించే ప్లేమేకర్ ఉన్న దేశంలో ఒక ఫుల్‌బ్యాక్‌కు రెండుసార్లు!

ప్రపంచకప్‌ల విషయంలో మాత్రం దాచిపెట్టాల్సిన పని లేదు. బాగా జరగలేదు. 2019లో పారిస్‌లో ప్రారంభ మ్యాచ్‌లోనే ఫ్రాన్స్ చేతిలో 0-4. ఆరడుగులు దాటిన వెండీ రెనార్ కార్నర్లలో తలతో రెండు కొట్టింది. పొట్టివాళ్ళతో నిండిన డిఫెన్స్‌కు పరుగూ టైమింగూ ఎంత ఉన్నా కొన్ని బంతులకు జవాబుండదు. తర్వాత నైజీరియా చేతిలో 0-2, నార్వే చేతిలో 1-2. మూడుకు మూడూ ఓటమి. 2023లో కొలంబియా చేతిలో 0-2, మొరాకో చేతిలో 0-1, చివరికి జర్మనీతో 1-1. ఆ డ్రాతో జర్మనీ చరిత్రలో మొదటిసారి గ్రూపులోనే ఇంటికెళ్ళింది, కానీ కొరియా కూడా వెళ్ళింది. ఆమె కెరీర్‌లో ఖాళీగా మిగిలిన గది ఇదే. ఒలింపిక్స్ గది కూడా ఖాళీయే, కొరియా మహిళలు ఇంతవరకు ఒక్కసారీ ఒలింపిక్స్‌కు వెళ్ళలేదు. 2021లో ప్లేఆఫ్‌లో చైనా చేతిలో రెండు మ్యాచ్‌లూ కలిపి 3-4తో పోయింది.

మధ్యలో 2020 ఆరంభంలో స్పెయిన్ వెళ్ళి మాడ్రిడ్ సీఎఫ్ఎఫ్‌లో చేరింది. కొద్ది నెలలకే కోవిడ్. లీగ్ ఆగిపోయింది, అదే ఏడాది మళ్ళీ ఇంచియాన్‌కు వచ్చేసింది. యూరప్‌లో ఎక్కువకాలం ఆడకపోవడం ఆమెకు నష్టమేనని నా అభిప్రాయం. వేగంగా, బలంగా ఉండే వింగర్లను వారం వారం ఎదుర్కొన్న ఫుల్‌బ్యాక్‌కూ, దేశవాళీ లీగ్‌లో గెలుస్తూ ఉన్న ఫుల్‌బ్యాక్‌కూ ప్రపంచకప్‌లో తేడా తెలుస్తుంది.

2022 ఆసియా కప్ మన దగ్గరే జరిగింది, ముంబై, నవీ ముంబై, పూణేల్లో. కోవిడ్ వల్ల మన జట్టు మధ్యలో తప్పుకోవాల్సి రావడంతో ఇక్కడ చాలామంది ఆ టోర్నీనే మరిచిపోయారు. జాంగ్ సెల్‌గి ఉన్న ఆ కొరియా జట్టు పూణేలో స్టార్ స్ట్రైకర్ సామ్ కెర్ ఆడిన ఆస్ట్రేలియాను క్వార్టర్స్‌లో 1-0తో ఇంటికి పంపింది. 87వ నిమిషంలో జీ సో-యున్ గోల్. ఫైనల్‌లో నవీ ముంబైలో చైనాపై విరామానికి 2-0 ఆధిక్యం. కొరియా మహిళలకు మొదటి ఆసియా కప్ నలభై ఐదు నిమిషాల దూరంలో ఉంది. చైనా పెనాల్టీతో ఒకటి, నాలుగు నిమిషాల తర్వాత ఇంకొకటి, అదనంగా ఇచ్చిన సమయంలో మూడోది కొట్టింది. 2-3. రెండు గోల్స్ ఆధిక్యంలో ఉన్న జట్టు ఎక్కడ పొరపాటు చేస్తుందో నేర్చుకోవాలంటే ఆ రెండో సగం చూడాలి. బంతిని ముందు నిలబెట్టుకోలేక కొట్టిన ప్రతి బంతీ తిరిగొచ్చేస్తుంటే, డిఫెన్స్ గీత అడుగు అడుగు చొప్పున వెనక్కి జరిగిపోతుంది. ఎవరూ కావాలని జరగరు, అయినా జరుగుతుంది.

2023 చివర ఇంచియాన్ పదకొండో టైటిల్ గెలిచాక ఆమె గ్యోంగ్జూ కేహెచ్ఎన్‌పీకి మారింది. అది కొరియా జల, అణు విద్యుత్ సంస్థ జట్టు. మరుసటి ఏడు ఇంచియాన్ పరంపర తెగింది, టైటిల్ సువోన్ ఎఫ్‌సీకి పోయింది. ఆమె వెళ్ళినందుకే తెగిందని అనను, చాలా మార్పులు జరిగాయి.

ఇక 2025 జులై. తూర్పు ఆసియా ఛాంపియన్‌షిప్, కొరియా సొంత గడ్డపై. ఆమెకు ముప్పై ఒకటి. కోచ్ షిన్ సాంగ్-వూ కొత్త పిల్లలను ఎక్కువగా ఆడిస్తున్నారు. మొదటి మ్యాచ్‌లో చైనా ముందుకెళితే విరామానికి ముందు సమం చేసింది జాంగ్ సెల్‌గి. మళ్ళీ చైనా ముందుకెళ్ళింది, ఆఖరి క్షణాల్లో జీ సో-యున్ 2-2 చేసింది. జపాన్‌తో 1-1. చివరి రోజు జపాన్, చైనా 0-0 ఆడారు. కొరియా చైనీస్ తైపీని 2-0తో ఓడించింది. మొదటిది జీ సో-యున్ పెనాల్టీ, రెండోది జాంగ్ సెల్‌గి.

లెక్క చూడండి. కొరియా, చైనా, జపాన్ మూడింటికీ ఐదేసి పాయింట్లు. ముగ్గురి మధ్య మ్యాచ్‌లన్నీ డ్రాలు. అప్పుడు ఆ మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్: కొరియా మూడు, చైనా రెండు, జపాన్ ఒకటి. 2005 తర్వాత మొదటిసారి టైటిల్ కొరియాది. 2018లో ఏ పద్ధతి ప్రకారం ఒక్క గోల్ ఇవ్వకుండానే బయటికి పోయారో, సరిగ్గా అదే పద్ధతి ప్రకారం ఇప్పుడు కప్పు వచ్చింది. ఆ మూడు గోల్స్‌లో ఒకటి డిఫెండర్‌ది. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ ఆమెకే.

నేను మొదట్లో అన్న "వెంట తీసుకెళ్ళింది" ఇదే. ఆమె డిఫెండర్ అయ్యాక గోల్ కొట్టడం మానలేదు. ఎప్పుడు పెట్టెలోకి దూరాలో తెలిసిన ఆ స్ట్రైకర్ బుద్ధిని మైదానంలో యాభై గజాలు వెనక్కి తీసుకెళ్ళి, అక్కడినుంచి వాడుకుంది. ఎదుటి జట్టు స్ట్రైకర్‌ను ఇద్దరు కాపలా కాస్తారు. వెనకనుంచి వచ్చే ఫుల్‌బ్యాక్‌ను ఎవరూ కాయరు, కాయాల్సిన వింగర్‌కు సాధారణంగా వెనక్కి పరుగెత్తడం ఇష్టముండదు. అందుకే పెద్ద మ్యాచ్‌ల్లో ఇలాంటివాళ్ళ గోల్స్ పడతాయి.

అలాగని ప్రతి మార్పూ మంచికే అని చెప్పను. మన హైదరాబాద్ క్రికెటర్ లక్ష్మణ్ సంగతి తెలిసిందే కదా. మిడిలార్డర్ మనిషిని తీసుకెళ్ళి ఓపెనింగ్ చేయించారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు కూడా. అయినా అది తన చోటు కాదని తనే నిర్ణయించుకుని ఓపెనింగ్ వద్దన్నాడు, ఏడాది తర్వాత కోల్‌కతాలో మూడో స్థానంలో దిగి 281 కొట్టాడు. కాబట్టి మీ చెల్లెలు "నాకిది సరిపడదు" అనడమూ తప్పు కాదు. కాకపోతే లక్ష్మణ్ ఆ మాట అన్నది ప్రయత్నించి చూశాక. ఒక సీజన్ మొత్తం ఆడకుండా తేల్చుకోవద్దని మాత్రం చెప్పండి.

కోచ్ ఎందుకు మార్చారో ఎలా తెలుసుకోవాలి అన్నది మీ ప్రశ్నలో లేదు గానీ అసలు విషయం అక్కడే ఉంది. రెండు రకాల మార్పులుంటాయి. ముందు ఇంకెవరో బాగా ఆడుతున్నారు, ఈ అమ్మాయిని ఎక్కడో ఒకచోట సర్దాలి అని వెనక్కి నెట్టడం ఒకటి. ఈమె పరుగు, చూపు వెనకనుంచి వస్తే జట్టుకు ఎక్కువ లాభం అని ఆలోచించి మార్చడం రెండోది. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. తేడా ప్రాక్టీస్‌లో తెలుస్తుంది. కోచ్ ఆమెకు ఓవర్‌ల్యాప్ పరుగులు (వెనకనుంచి వింగర్‌ను దాటి ముందుకెళ్ళేవి) నేర్పిస్తున్నారా, ఆమె ముందుకెళ్ళినప్పుడు వెనక చోటు ఎవరు కాయాలో మిగతావాళ్ళకు చెబుతున్నారా, ఎడమకాలితో క్రాస్‌లు కొట్టిస్తున్నారా? ఇవి జరుగుతుంటే ఆమె గురించి ఆలోచించే మార్చినట్టు. "సగం గీత దాటకు" అని మాత్రమే చెబుతుంటే సర్దుబాటు కోసం మార్చినట్టు. అప్పుడు కూడా గొడవ పడకుండా, "సార్, ఎప్పుడు ముందుకెళ్ళొచ్చో చెప్పండి" అని ఆమెనే నేరుగా అడగమనండి. జవాబును బట్టి మీకే అర్థమవుతుంది.

మ్యాచ్‌లు చూడాలనుకుంటే 2010 ఫైనల్ కంటే ముందు 2025 జులైలో చైనాతో ఆడినది చూపించండి. బంతి వెంట కళ్ళు పోనివ్వకుండా, ఒక పావుగంటసేపు జాంగ్ సెల్‌గిని మాత్రమే చూడమనండి. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు ఎక్కడ నిలబడుతోంది, మెడ తిప్పి వెనక్కి ఎన్నిసార్లు చూసుకుంటోంది, తన వింగర్‌కు బంతి అందగానే ఎటు కదులుతోంది. చూశాక మీ చెల్లెలు ఏమన్నదో వీలుంటే ఇక్కడే రాయండి. మీ చెల్లెలు ఏ కాలితో ఆడుతుందో కూడా చెబితే, కుడికాలి అమ్మాయి ఎడమవైపు ఆడేటప్పుడు చేయాల్సిన ప్రాక్టీస్ గురించి విడిగా రాస్తాను.